నైలు మీద చక్కెర లేని కాఫీ

ఆ రోజు పొద్దున్న బహ్గత్ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ఎనిమిదింటికి ఉపాహారం, ఆ తర్వాత పైడెక్కు మీద కాఫీ, కాఫీ చివర రెండు కుటుంబాల మగవాళ్లూ చేతులెత్తి ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా చదవడం, దాంతో కూతురు రబాబ్ నిశ్చితార్థం అయిపోవడం. రైల్వేలో ముప్పై ఏళ్లు సిగ్నళ్లు చూసిన మనిషి కాబట్టి ఏ బండి వెనక ఏ బండి రావాలో ఆయనకు చెప్పనక్కర్లేదు. ఓడ లక్సర్ వదిలి అస్వాన్ వైపు తాపీగా పోతోంది. రెండు ఒడ్డుల మీదా ఖర్జూరాలు, చెరకు తోటలు వెనక్కి నడుస్తున్నాయి.

సంబంధం వాళ్ల ఇంటికి పెద్ద హాజీ బయ్యూమీ. పెళ్లికొడుకు హాతెంకు పెదనాన్న, దమన్‌హూర్‌లో కాఫీ గింజల వ్యాపారి. తండ్రి లేని పిల్లవాడికి ఆయన మాటే మాట. ఆ మాట రెండేళ్లుగా బయటికి రావడం లేదు. ఒక ఏడు బ్రెజిల్లో మంచు కురిసి గింజల ధర పెరిగిందన్నాడు. ఇంకో ఏడు ధర తగ్గిందన్నాడు. ధర పెరిగినా తగ్గినా పెళ్లి ఎందుకు ఆగాలో అడిగే ధైర్యం హాతెం తల్లి నబీలాకు లేదు. పాపం ఆమె చిన్న తోడికోడలిలాగే తలవంచుకుని బతికింది, బావగారి ముందు ఎప్పుడూ నోరు విప్పలేదు.

ఓడ ఆలోచన బహ్గత్ భార్య ఇన్‌షిరాహ్‌ది. "మనింటికి పిలిస్తే కాఫీ తాగి లేచి పోతాడు. ఓడ ఎక్కిద్దాం. నీళ్ల మధ్యలో ఎక్కడికి పోతాడో చూస్తాను" అంది. చలికాలం సెలవుల్లో రెండు కుటుంబాలూ ఎక్కాయి. కానీ రెండు రోజులు గడిచినా హాజీ నోటి వెంట గింజల మాట తప్ప పెళ్లి మాట రాలేదు. పైగా నిన్న భోజనాల దగ్గర, "రేపు మధ్యాహ్నం దారిలో కోమ్ ఓంబో రేవులో దిగిపోతాను. దుకాణంలో పనుంది" అన్నాడు. అంటే మిగిలింది ఈ పొద్దుటి కాఫీ ఒక్కటే.

ఆ కాఫీ దగ్గరే వచ్చింది చిక్కు. ఓడలో కాఫీ ఒక మిషన్ ఇస్తుంది. బొత్తాం నొక్కితే దగ్గి, మూలిగి, కప్పులోకి గోధుమరంగు వేణ్నీళ్లు వదులుతుంది. మొదటి రోజు హాజీ బయ్యూమీ ఆ కప్పును ఎండకు ఎత్తి పట్టుకుని చూశాడు. కాఫీలోంచి కప్పు అడుగున ఉన్న ఓడ బొమ్మ స్పష్టంగా కనపడింది. వెంటనే మేనేజర్ రుష్దీని పిలిపించాడు.

"ఏం నాయనా, ఇది నైల్లోంచి తోడారా?"

"లేదు హాజీ గారూ, కాఫీయే."

"నైలు నీళ్లయినా బాగుండేది. కాస్త చిక్కగా ఉండేది."

"విదేశీయులు రోజుకి నాలుగేసి కప్పులు తాగుతున్నారండీ" అన్నాడు రుష్దీ, చిన్నబుచ్చుకుని.

"వాళ్లు సెలవు మీద వచ్చారు. ఏదైనా తాగుతారు" అన్నాడు హాజీ.

ఈ హాజీ వెనకటికి ఇంకో తమ్ముడి కొడుక్కి పెళ్లిచూపులకు వెళ్లి, కాఫీ మీద నురగ లేదని సంబంధం వదులుకుని వచ్చాడు. మా వైపు నురగను కాఫీకి మొహం అంటారు. మొహం లేని కాఫీ పోసినవాళ్లకు మర్యాద తెలియదని ఆయన లెక్క. ఈ సంగతి బహ్గత్‌కు తెలుసు. అందుకే పెట్టెలో బట్టల కింద ఇత్తడి కాఫీ గిన్నె, ఏలకులు వేసి పట్టించిన అరకిలో పొడి తెచ్చుకున్నాడు. మనిషికి ఇంతకంటే ముందుచూపు ఉండదు.

పొద్దున్నే వంటగదికి వెళ్లి వంటవాణ్ణి బతిమాలి ఒక పొయ్యి సంపాదించాడు. పక్కనే వంటవాడు మధ్యాహ్నం అన్నం, పప్పు కలిపి చేసే కుషరీ కోసం ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఒక బస్తా అయ్యింది, రెండో బస్తా విప్పాడు. బహ్గత్ కళ్లు ఎర్రబడి, ముక్కు కారుతూ, అయినా గిన్నె మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు. నురగ పొంగేలోగా చూపు తిప్పితే అంతే సంగతులు.

అప్పుడే ఆయనకొక గొప్ప ఆలోచన వచ్చింది. మనిషి ఇన్నేళ్లు బతికిన తర్వాత వచ్చే గొప్ప ఆలోచనల్లో చాలావరకు రాకపోతేనే మేలు.

"చక్కెర ఎవరికి ఎంతో అడిగి రమ్మంటారా?" అన్నాడు సర్వర్ గాబర్. నలభై దాటిన వాడు, ఇలాంటి సంగతులు తెలిసినవాడు. చక్కెర కాఫీతో కలిసి ఉడకాలి. తర్వాత కలిపితే నురగ చెదిరిపోతుంది. కాబట్టి ముందే అడగడం మర్యాద.

"వద్దు. ఎవరికీ చక్కెర వద్దు" అన్నాడు బహ్గత్, ముక్కు తుడుచుకుంటూ.

"ఎవరికీనా?"

"కాఫీ వ్యాపారి గింజ రుచి చూస్తాడయ్యా. చక్కెర వేస్తే ఏదో దాచామనుకుంటాడు."

గాబర్ ఆయన ఎర్రటి కళ్లలోకి చూశాడు. టై సర్దుకున్నాడు. రంగు పువ్వుల పళ్లెం పక్కన పెట్టి, నల్ల పళ్లెం తీశాడు.

చక్కెర లేని కాఫీ తాగేవాళ్లు మా దేశంలో లేరని కాదు. అడిగి తెప్పించుకుని తాగుతారు. కానీ ఎవర్నీ అడక్కుండా, అందరికీ ఒకే రకంగా, పళ్లెం నిండా చక్కెర లేని కాఫీ వచ్చిందంటే దానికి అర్థం ఒకటే. ఎవరో పోయారు. పరామర్శకు వచ్చినవాళ్లకు పోసే కాఫీ అది. దాన్ని మెచ్చుకోకూడదు. మామూలు ఇళ్లలో కాఫీ తాగి కప్పు దించుతూ "మీ ఇంట ఎప్పుడూ ఇలాగే పొయ్యాలి" అంటారు. చావు ఇంట్లో ఆ మాట అన్నవాడు మళ్లీ ఆ గడప తొక్కలేడు. ఇదంతా బహ్గత్‌కు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ పొద్దున్న మాత్రం ఆయన తలలో నురగ తప్ప ఇంకేమీ లేదు.

పైడెక్కు మీద అందరూ వరసగా కూర్చుని ఉన్నారు. గాబర్ తలవంచుకుని, అడుగు చప్పుడు కాకుండా నడిచి, ఒక్కొక్కరి ముందూ కప్పు పెట్టాడు. వెనకాల బహ్గత్, ఎర్రటి కళ్లతో, చేతిరుమాలుతో.

హాజీ బయ్యూమీ ఒక గుక్క తాగాడు. ఆగాడు. కప్పు మెల్లిగా దించి బహ్గత్ మొహం చూశాడు. ఇంట్లో చావు పెట్టుకుని కూడా ప్రయాణం మానకుండా వచ్చిన మనిషి కాబోలు అనుకున్నాడు. ఎవరు పోయారని అడగడానికి నోరు రాలేదు. కాబోయే వియ్యంకుడింట్లో ఎవరు పోయారో తెలియకపోవడమంత తలవంపు ఇంకోటి ఉండదు. అందుకని అందరూ అనే మాట అన్నాడు.

"ధైర్యం తెచ్చుకో తమ్ముడూ. మన చేతిలో ఏముంది."

బహ్గత్ మెచ్చుకోలు కోసం చెవులు రిక్కించి ఉన్నాడు. ఈ మాట విని సంబంధం వద్దంటున్నాడనుకున్నాడు.

"అంటే... ఇంక ఆశ లేదంటారా హాజీ గారూ?"

"ఆశెక్కడిది నాయనా. అయిందేదో అయిపోయింది. ఓర్చుకోవాలి."

"మరి అమ్మాయికి ఏం చెప్పను?"

"ఇంకా చెప్పలేదా?" హాజీ గొంతు తగ్గించాడు. "మెల్లిమెల్లిగా చెప్పు. ఒక్కసారిగా చెప్పకు, తట్టుకోలేదు."

"ఈ ఒక్క మాట అనడానికేనా మీరు ఇంత దూరం వచ్చింది?"

"రాకపోతే ఎలా తమ్ముడూ. మనిషన్నాక ఇలాంటప్పుడు పక్కన ఉండాలి."

బహ్గత్ కళ్లలోంచి ఈసారి ఉల్లిపాయలతో సంబంధం లేని నీళ్లు వచ్చాయి. హాజీ ఆయన భుజం నిమిరాడు. రెండేళ్లలో ఆయన బహ్గత్‌తో అంత ప్రేమగా ఎప్పుడూ మాట్లాడలేదు.

అవతలి సోఫాలో నబీలా ఒక గుక్క తాగి, కప్పు వదిలేసి, ఇన్‌షిరాహ్‌ను కావలించుకుని ఏడ్చింది. "పోయినవాళ్ల మిగిలిన ఆయుష్షు నీకు చేరాలి అక్కా" అంది. ఇన్‌షిరాహ్ ఇంకా కాఫీ ముట్టనే లేదు. ఈవిడ ఇంట్లో ఎవరో పోయినట్టున్నారు, పాపం అంత బాధలోనూ నాకు ఆయుష్షు కోరుతోంది అనుకుంది. "నీ ఆయుష్షే నిలవాలి చెల్లీ" అంది. ఆ మాటకు జవాబు అదే. ఎవరు ముందు అన్నా, ఎవరు తర్వాత అన్నా సరిపోతుంది. అందుకే ఏ ఇంట్లో చావో ఇద్దరికీ తేలలేదు.

ఇన్‌షిరాహ్ కూతురి చెవిలో ఊదింది. "వాళ్లింట్లో ఎవరో పోయారే."

"ఎవరమ్మా?"

"ఎలా అడుగుతాం? మనకి తెలిసుండాలి. అడిగితే అసలు పట్టించుకోలేదనుకోరూ?"

అదే సమయానికి నబీలా కొడుకు చెవిలో ఊదింది. "వాళ్లింట్లో పోయారురా."

"ఎవరు?"

"కాబోయే అల్లుడివి, నువ్వే అడిగితే ఇంకేం బాగుంటుంది? మొహం కాస్త దిగులుగా పెట్టుకో."

హాతెం ఫోన్ తీసి రబాబ్‌కు పంపాడు: 'ఈ బాధలో నీ పక్కనే ఉన్నాను.' రబాబ్ చదివి కళ్లు తుడుచుకుని జవాబిచ్చింది: 'నువ్వే ధైర్యంగా ఉండు.' చదువుకున్న పిల్లలు, రెండు బల్లల దూరంలో కూర్చుని కూడా అంతకు మించి అడగలేదు. మర్యాద మాత్రం ఇద్దరికీ బాగా నేర్పారు.

గాబర్ మెట్లు దిగి మేనేజర్ గదికి వెళ్లాడు.

"సార్, పైన ఎవరో పోయారు."

"ఎవరు?" రుష్దీ కుర్చీలోంచి లేచాడు.

"తెలీదు సార్. కానీ అందరికీ చక్కెర లేని కాఫీ పోశారు. పెద్దాయన వంటగదిలో నిలబడి ఏడుస్తూ తనే కాచాడు."

"తనే కాచాడా?" రుష్దీ మళ్లీ కూలబడ్డాడు. "అయితే దగ్గరి మనిషే."

రుష్దీ మంచి మేనేజర్. మంచి మేనేజర్ చేతిలో పడ్డ పొరపాటు చకచకా పెద్దదవుతుంది. డెక్కు మీద డప్పుల పాట ఆగిపోయింది, ఖురాన్ పఠనం మొదలైంది. రాత్రి అందరూ గలబియాలనే పొడుగాటి అంగీలు వేసుకుని చేసుకోవాల్సిన విందు రద్దయింది. ఓడలో ఉన్న మంచుగడ్డలన్నీ ఒక గదిలో పెట్టించి తాళం వేశాడు. కోమ్ ఓంబో దాకా శవానికి అవసరం పడుతుందేమోనని. చల్లటి నిమ్మరసం అడిగిన వాళ్లకు సర్వర్లు వేలు పెదవుల మీద పెట్టి, గోరువెచ్చటి నిమ్మరసం ఇచ్చారు. ఏ గదిలో పోయారో కుటుంబాన్ని అడగడానికి రుష్దీకి మనసొప్పలేదు. "అడిగే సమయమా ఇది? వాళ్లే చెప్తారు" అని, రేవుకు ఫోన్ చేసి అంబులెన్సు సిద్ధంగా పెట్టమన్నాడు.

కింది డెక్కు మీద పోలండ్ నుంచి వచ్చిన ముప్పై మంది ఉన్నారు. వాళ్ల గైడు వాళ్లకు సంగతి చెప్పి, ఇలాంటప్పుడు ఇక్కడ కాఫీ చక్కెర లేకుండా తాగుతారని కూడా చెప్పాడు. మర్యాదస్తులు. అందరూ లేచి మిషన్ దగ్గర వరసలో నిలబడి, తలొక కప్పు చక్కెర లేకుండా పట్టుకుని తాగారు. ఆ మిషన్ కాఫీ చక్కెర లేకుండా తాగినవాళ్ల మొహాల్లో కనపడినంత దుఃఖం ఆ రోజు ఓడలో ఇంకెక్కడా కనపడలేదు. ఆ మొహాలతోనే పైకొచ్చి, బహ్గత్‌కూ హాజీకీ వరసగా చేతులు కలిపి వెళ్లారు.

కూతురి సంబంధం తప్పిపోయిన సంగతి పోలండ్ దాకా ఎలా పాకిందో బహ్గత్‌కు అంతు పట్టలేదు. అయినా మంచివాళ్లు, ఇంత బాధపడుతున్నారు అనుకున్నాడు. ఆయనకు ఇంకో బాధ కూడా ఉంది. కాఫీ ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు. కప్పులన్నీ అడుగు దాకా ఖాళీ అయ్యాయి. ఒక్కరంటే ఒక్కరు "ఎప్పుడూ ఇలాగే పొయ్యాలి" అనలేదు. సంబంధం పోతే పోయింది, ఆ నురగకు ఒక్క మాట దక్కకపోవడం అన్యాయం కదా అని కుమిలిపోయాడు.

మధ్యాహ్నానికి కోమ్ ఓంబో గుడి స్తంభాలు కనపడ్డాయి. హాజీ బయ్యూమీ పెట్టె సర్దుకుని డెక్కు మధ్యలో నిలబడ్డాడు. దిగిపోయే ముందు చేయాల్సింది ఒకటి మిగిలిందని ఆయనకు గుర్తొచ్చింది. చావుకు వచ్చి ఫాతిహా చదవకుండా పోవడం పద్ధతి కాదు.

"అందరూ చేతులెత్తండి. ఫాతిహా చదువుదాం" అన్నాడు గంభీరంగా. "హాతెం, నువ్వు ఇలా వచ్చి మీ బహ్గత్ మామ పక్కన నిలబడు."

బహ్గత్ తలెత్తాడు. తన పక్కన హాతెం. ఎదురుగా వాళ్లింటి పెద్ద, అరచేతులు పైకెత్తి. రెండేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది ఈ దృశ్యం కోసమే. పొద్దున్న ఆశ లేదని, ఇప్పుడు ఫాతిహా చదువుదామంటున్నాడంటే మనసు మార్చుకున్నాడన్నమాట. కాఫీ రుచి ఆలస్యంగా తలకెక్కి ఉంటుంది. బహ్గత్ చేతులెత్తి, ప్రతి అక్షరమూ పొల్లుపోకుండా చదివాడు. ఓడలోని సర్వర్లు, వంటవాడు, రుష్దీ, గైడు అందరూ చదివారు. పోలండ్ వాళ్లు చదవలేక టోపీలు తీశారు.

చదవడం అయ్యాక అందరూ అరచేతులతో మొహం తుడుచుకున్నారు. బహ్గత్ హాతెంను గట్టిగా కావలించుకుని రెండు చెంపలా ముద్దు పెట్టుకున్నాడు. "ఇంక మా రబాబ్ బాధ్యత నీదే నాయనా" అన్నాడు.

హాతెంకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ వద్దనే మాట కాదది. "అలాగే మామయ్యా" అన్నాడు.

ఆడవాళ్ల వైపు నుంచి చూస్తున్న ఇన్‌షిరాహ్‌కు ఎత్తిన చేతులు కనపడ్డాయి, భర్త అల్లుణ్ణి కావలించుకోవడం కనపడింది. ఆమెకు చావూ గుర్తు లేదు, మర్యాదా గుర్తు లేదు. నాలుక ఆడిస్తూ పెళ్లివారి సంతోషపు కేక ఒకటి వేసింది. అది నైలు దాటి అవతలి ఒడ్డున మేస్తున్న గేదెల దాకా వెళ్లింది.

డెక్కు మీద అందరూ బిగుసుకుపోయారు. "పాపం, మతి తప్పింది" అని నబీలా ఆమె నోరు మూయబోయింది. సరిగ్గా అప్పుడే ఓడ రేవుకు ఆనింది, అంబులెన్సు నుంచి తెల్లకోట్ల వాళ్లు ఇద్దరు స్ట్రెచర్ పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"చనిపోయిందెవరండీ?" అన్నాడు ముందువాడు.

ఆ ఓడలో అంతసేపటికి ఆ ప్రశ్న అందరి ముందూ పైకి అడిగిన మొదటి మనిషి అతనే. డబ్బులు తీసుకుని చేసే ఉద్యోగం కాబట్టి మొహమాటం లేదు. హాజీ బయ్యూమీ వేలు బహ్గత్ వైపు తిరిగింది. ఇన్‌షిరాహ్ వేలు నబీలా వైపు తిరిగింది. నబీలా వేలు ఇన్‌షిరాహ్ వైపు తిరిగింది. రుష్దీ అందరి వైపూ చూపించాడు.

"మా ఇంట్లోనా?" అన్నాడు బహ్గత్. "మా ఇంట్లో ఎవరూ పోలేదే."

"మా ఇంట్లోనూ పోలేదు" అంది నబీలా.

హాజీ మొహం కందగడ్డలా అయింది. "మరి పళ్లెం నిండా చక్కెర లేని కాఫీ పోస్తే ఏమనుకోమంటావయ్యా?"

బహ్గత్‌కు అప్పుడు తెలిసింది. కాళ్ల కింద ఓడ ఇంకాస్త ఊగింది. "మీరు వ్యాపారులు కదా హాజీ గారూ... గింజ రుచి చూస్తారని..." అన్నాడు నీళ్లు నములుతూ.

"నేను కాఫీ అమ్ముతాను తమ్ముడూ. తాగేటప్పుడు నాకు మూడు చెంచాలు పడాలి." హాజీ పెట్టె అందుకున్నాడు. "సరే, ఎవరూ పోలేదు కదా, సంతోషం. ఇందాకటి ఫాతిహా పోయినవాళ్ల కోసం చదివింది. దాన్ని ఎవరూ ఇంకోలా లెక్కేసుకోవద్దు. పెళ్లి మాట వచ్చే ఏడు చూద్దాం. ధరలు ఎలా ఉంటాయో."

ఇన్‌షిరాహ్ నెమ్మదిగా లేచి వచ్చి మెట్లకు అడ్డంగా నిలబడింది.

"పోయినవాళ్ల కోసమా హాజీ అన్నయ్యా? ఎవరి కోసం? పేరు చెప్పండి."

హాజీ నోరు తెరిచాడు. మక్కా వెళ్లి వచ్చిన మనిషి, బతికున్నవాళ్ల పేరు చెప్పలేడు.

"ఓడ మొత్తం సాక్షి" అంది ఇన్‌షిరాహ్. "అబ్బాయిని పిలిచి అమ్మాయి తండ్రి పక్కన నిలబెట్టింది మీరు. చేతులెత్తండి అన్నది మీరు. మధ్యలో శవం లేదు. దాన్ని ఏమంటారో మీరే చెప్పండి."

హాజీ సాయం కోసం మరదలి వైపు చూశాడు. నబీలా ఒక అడుగు ముందుకు వేసింది. రెండేళ్లుగా, కాదు, పెళ్లయి వచ్చినప్పటి నుంచీ మింగిన మాటలన్నీ గొంతులోకి వచ్చాయి. అందులోంచి ఒక్కటే బయటికి తీసింది.

"చదివిన ఫాతిహాను వెనక్కి తీసుకుంటారా బావగారూ? మన వాళ్లు ఎప్పుడూ అలా చేయలేదు."

హాజీ బయ్యూమీ పెట్టె కింద పెట్టేశాడు. రబాబ్, హాతెం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దుటి నుంచి ఓదార్చుకుని ఓదార్చుకుని అలిసిపోయారేమో, ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

"మరి మేం ఎవర్ని తీసుకెళ్లాలండీ?" అన్నాడు స్ట్రెచర్ మనిషి.

"నన్ను తీసుకుపో" అన్నాడు హాజీ. "నేనెలాగూ ఇక్కడే దిగాల్సినవాణ్ణి."

"ఎవరూ దిగేది లేదు" అంది ఇన్‌షిరాహ్. "నిశ్చితార్థం ఇంటి నుంచి నోరు తీపి చేసుకోకుండా పోతారా? ఈ స్ట్రెచర్ వాళ్లిద్దరూ కూడా కాసేపు ఉండి వెళ్తారు."

రుష్దీ మంచుగడ్డల గది తాళం తీయించాడు. ఎర్రటి షర్బత్ వచ్చింది, డప్పుల పాట వచ్చింది, పోలండ్ వాళ్లు ఇందాక తీసిన టోపీలు పెట్టుకుని చప్పట్లు కొట్టారు. బహ్గత్ మాత్రం నిలవలేకపోయాడు. చేతులు కడుక్కుని వచ్చి హాజీ ముందు వంగి, మర్యాదగా అడిగాడు.

"ఈసారి సరిగ్గా కాస్తాను హాజీ గారూ. మూడు చెంచాలు వేసి. నురగ చూసి మీరే చెప్తారు."

"వద్దు నాయనా. ఆ మిషన్‌దే తెప్పించు" అన్నాడు హాజీ. "దాన్ని తాగితే ఎవరూ ఏ అర్థమూ తీయలేరు."

గాబర్ బొత్తాం నొక్కాడు. మిషన్ దగ్గి, మూలిగి, కప్పు నింపింది. హాజీ మూడు పొట్లాల చక్కెర వేసుకుని, కప్పు అడుగున ఓడ బొమ్మను చూస్తూ చివరి చుక్క దాకా తాగాడు. నిశ్చితార్థం ఇల్లు కదా, మర్యాద తప్పకూడదు. కప్పు దించుతూ, "ఎప్పుడూ ఇలాగే పొయ్యాలి" అన్నాడు.

బహ్గత్ పొద్దుటి నుంచి ఎదురుచూసిన ఆ మాట మిషన్‌కు దక్కింది.